మహారాజు మీసం పట్టుకున్నోడు

మీరంతా ఎవరి మీసం వాళ్లు మెలేసుకుంటారు. నేనేమో మొన్న శనివారం ఆళ్లగడ్డలో, బడి పిల్లోళ్లంతా నోరు తెరుచుకోని చూస్తాండంగా, మహారాజు మీసం పట్టుకోని స్టేజీ ఎక్కినానప్పా! కావాలని పట్టుకోలేదు. వదుల్దామంటే రాలేదు. నవ్వాకండి, టీ తాగుతా వినండి.

మాది నంద్యాలని మీకు తెలుసు. మిక్సీలు, గ్రైండర్లు బాగు చేసే అంగడి నాది. మా వీధిలోనే జయమ్మక్క ఉంది, పద్యనాటకాల ట్రూపు ఆమెదే. హార్మోనియం ముందర కుచ్చుందంటే పక్కింట్లో పిల్లోళ్లు కూడా టీవీ ఆపేసి గోడ మీద నుంచి తొంగి చూస్తారు. నాకేమో పద్యమంటే ప్రాణం. పాడేదానికి మాత్రం అల్లా నాకు గొంతియ్యలేదు. ఒకసారి రాగం తీస్తే మా అంగడికొచ్చిన ఒకాయప్ప, "బాషా, ఆ గ్రైండరు ఇంకా బాగు కాలేదా?" అన్నాడు. గొంతు లేనోడు ఏం చేయాల? సేవ చేయాల. అందుకే ట్రూపుకు నా వ్యాను, నా మైకు సెట్టు, నా వీపు. పెట్టెలు మోసేది, తెరలు కట్టేది, తీగలు అతికేది అంతా నేనే.

ఈ ట్రూపు నాటకాలాడేది ఒకటే కాదు, బడులకు పోయి పిల్లోళ్లకు పద్యాలు నేర్పిస్తాది. ఆళ్లగడ్డలో ఒక హైస్కూలుకు కొన్నాళ్ల నుంచి శనివారం శనివారం పోతాండాం. ఆ బడి హెడ్‌మిస్ట్రెస్ సుగుణమ్మ మేడం. మంచి మనిషే, గానీ మాట మాత్రం స్కేలుతో గీసినట్లుంటాది.

"చూడండి జయమ్మగారూ, ఈ శనివారం నాటకం వేయండి. పిల్లలకు నిజంగా ఏమన్నా వచ్చిందో లేదో నాకు తెలియాల. వస్తే ఏడాదంతా ఈ పీరియడు మీదే. లేకుంటే లెక్కల సారు అడుగుతాండాడు."

లెక్కల సారు అడిగేది కాదప్పా, వరండాలో సుద్దముక్క పట్టుకోని నిలబడే ఉన్నాడు!

సరే, మొన్న శనివారం పొద్దున్నే బయల్దేరినాం. మా మహారాజు ఓబులేసన్న. మామూలు రోజుల్లో బస్సు కండక్టరు. "కోయిలకుంట్ల, కోయిలకుంట్ల" అని అరిచి అరిచి పెంచిన గొంతు అది. పద్యమెత్తుకున్నాడంటే పైకప్పు రేకులు కదుల్తాయి.

మేకప్పుకు సైన్సు ల్యాబు ఇచ్చినారు. కిరీటం పెట్టేదానికి చోటు లేక ఆడున్న అస్థిపంజరం నెత్తిన పెట్టినా. అంతా సాఫీగా పోతాంది. అప్పుడు అరిచింది జయమ్మక్క.

"బాషా! ఈ మీసం గమ్ము బాటిలు ఏందిరా, రాయైపోయింది?"

చూస్తే నిజమే. పోయిన నాటకానికి మూత సరిగా పెట్టలేదు. ఎవరు పెట్టలేదంటారా? పెట్టెలు సర్దేది ఎవరని ఇందాకే చెప్పినా గదా.

మీసం లేకుండా నడిపిద్దామా అంటే, వట్టి మూతితో ఓబులేసన్నను చూస్తే టికెట్టు అడుగుతాడేమో అనిపిస్తాది గానీ, తల తీయిస్తాడని ఎవరూ భయపడరు. బయట పిల్లోళ్లు చప్పట్లు మొదలుపెట్టినారు.

"అక్కా, నేనుండా గదా!" అన్నా.

జీవితంలో నేనెప్పుడు ఆ మాటన్నా ఏదో ఒకటి జరుగుతాది. ఆ పొద్దు గుర్తు రాలేదు. వ్యాన్లోకి పరిగెత్తి సామాన్ల సంచిలో ఉన్న గమ్ము తెచ్చినా. మిక్సీ జార్లకు పిడి విరిగితే అంటిస్తాం చూడు, అది.

ఓబులేసన్న అనుమానంగా చూసినాడు. "ఏంరా, ఇది మనుషులకు పనికొస్తాదా?"

"అన్నా, దీంతో అంటిస్తే పిడి పట్టుకోని జారు విసిరినా ఊడదు."

"నన్ను విసురుతావా ఏంది?"

"నోరు కదపాకన్నా!"

మీసం వెనకాల రెండు చుక్కలు వేసి, మూతి మీద పెట్టి గట్టిగా అదిమినా. భలే కుదిరింది! ఎడమపక్క కొస కొంచెం లేచినట్లుంటే ఇంకో చుక్క వేసి, బొటనవేలూ చూపుడువేలూ పెట్టి పట్టుకున్నా. అయిపోయిందని చెయ్యి వెనక్కు తీసినా.

చెయ్యితో పాటు ఓబులేసన్న కూడా వచ్చినాడు.

"వదులు రా."

"వదిలినా అన్నా."

"వదిల్తే నా మూతెందుకు వస్తాంది?"

మళ్లీ లాగినా. ఆయన "అబ్బా!" అన్నాడు. నా రెండు వేళ్లు, రాజుగారి మీసం, రాజుగారి మూతి, మూడూ ఒకే కుటుంబమైపోయినాయి. కత్తెర తీసుకున్నా, ఎడమచేత్తో. అది చూసి ఓబులేసన్న అస్థిపంజరం వెనక్కి దాక్కునేదానికి చూసినాడు, నన్ను కూడా ఈడ్చుకోని!

ఇంతలో మైకులో మేడం గొంతు. "ఇప్పుడు నంద్యాల కళాకారుల నాటకం..."

జయమ్మక్క గబగబా నా దగ్గరికొచ్చింది. తిడుతుందనుకున్నా. కుర్చీ మీదున్న పచ్చ తువ్వాల తీసి నా నెత్తికి చుట్టింది.

"నువ్వు మహారాజు మీసం పట్టుకునే బంటువి. నడు."

"అక్కా, అట్లాంటి బంటు యాడైనా ఉంటాడా?"

"ఈ రాజుకుండాడు. బేగా నడు!"

తెర లేచింది. మహారాజు ఛాతీ విరుచుకోని వస్తాండాడు. పక్కన నేను చెయ్యి పైకెత్తి, మునికాళ్ల మీద. ఆయన నాకంటే జానెడు పొడుగు. ఆయన కుడిపక్కకు తిరిగితే నేను చుట్టూ పరిగెత్తాల. ఎడమపక్కకు తిరిగితే మళ్లీ వెనక్కు పరిగెత్తాల. ముందు వరసలో ఒక పిల్లోడు గట్టిగానే అడిగినాడు, "ఈయప్ప ఎవరు రా?"

ఓబులేసన్న కండక్టరు గదా, ఎంత రష్‌లోనైనా నిలదొక్కుకుంటాడు. అదే గొంతుతో గద్దించినాడు. "ఒరే బంటా! వదులు మా మీసం!"

నాకు డైలాగు లేదు. నిజమే నోట్లో నుంచి వచ్చింది. "వదల్లేను ప్రభూ, అంటుకున్నా!"

బడి బడంతా ఒకటే నవ్వు! నాటకం పోయిందనుకున్నా. లెక్కల సారు సుద్దముక్క జేబులో నుంచి తీసినాడు కూడా.

అప్పుడు పద్యం, శనివారాల్లో పిల్లోళ్లకు నేర్పించిందే. ఇదే అసలైన ఘట్టం. మేడం ముందరికి వంగి కుచ్చుంది. ఓబులేసన్న ఎత్తుకున్నాడు.

"ఎవడు నాదు కొల్వు నెదిరించి పల్కును..."

ఆ చివర్న రాగం పైకి పోవాల. ఓబులేసన్నకు రాగం పైకి పోతే తల కూడా పైకి పోతాది, ఆయన అలవాటు. తల పైకి పోయింది. నా చెయ్యి పోలేదు. "పల్కునూ... ఆఁ!" అని ఆగిపోయినాడు. కండ్లలో నీళ్లు. హార్మోనియం ఒక్కటే మోగుతాంది. జయమ్మక్క ఆ ఒక్క స్వరాన్నే పట్టుకోని వాయిస్తాంది. ఆమె అన్ని శనివారాల కష్టం నా రెండు వేళ్ల మధ్యన ఇరుక్కున్నట్లనిపించింది. నవ్వులాట కాదప్పా, ఆ క్షణంలో నాకు ఏడుపొచ్చింది.

అంతలో పిల్లోళ్ల మధ్యలో నుంచి ఎర్ర రిబ్బన్లేసుకున్న ఒక పాప లేచింది. ఎవరూ లేమ్మనలేదు. కండ్లు మూసుకోని అందుకునింది.

"చూతు గాక నేడు సూటిగాను..."

రాగం తప్పలేదు, తాళం తప్పలేదు. దాని పక్కన ఇంకో పాప. ఆ వెనక బెంచీ మొత్తం. ఒక్కసారిగా బడంతా పాడతాంది! జయమ్మక్క హార్మోనియం మీదికి వంగిపోయింది. అక్కడ్నుంచి నాటకం మాది కాదు, వాళ్లదే. ఓబులేసన్న మొదటి మాట అందిస్తాడు, పిల్లోళ్లు పద్యం ముగిస్తారు. సుగుణమ్మ మేడం లేచి నిలబడింది. చివరికి లెక్కల సారు కాలు కూడా తాళం వేస్తాంది, నేను చూసినా. నా ముక్కు ఒకటే కారుతాంది. తుడుచుకుందామంటే కుడిచెయ్యి రాజుగారి దగ్గరుంది.

అయిపోయినాక మధ్యాహ్నం భోజనం వండే అక్కలు గోరువెచ్చని సబ్బునీళ్లు, శనక్కాయ నూనె తెచ్చినారు. మమ్మల్నిద్దర్నీ ఎదురెదురుగా కుచ్చోబెట్టి, చిన్నపిల్లోళ్లకు మూతి తుడిచినట్లు మెల్లగా తుడుస్తా నాననిచ్చినారు. కాసేపటికి మీసం ఊడి నా చేతికొచ్చింది. ఓబులేసన్న మూతి టమోటా మాదిరి ఎర్రగా ఉంది. మీసమేమో నా వేళ్లకు ఇంకా ఏలాడుతాంది.

మేడం వచ్చి, "జయమ్మగారూ, ఏడాదంతా శనివారం మీదే" అనింది. తర్వాత నా పక్క తిరిగి, "మీ పాత్ర భలే ఉందండీ. రుద్రవరం బడి మేడంకు కూడా చెప్పినా, ఆ మీసం బంటును తప్పకుండా తీసుకురమ్మనింది" అని మెచ్చుకునింది.

అంటే ఇప్పుడు నేను పర్మనెంటు నటుణ్ణి! ఇన్నేండ్లకు నాకొక వేషం దొరికింది. ఓబులేసన్న ఒకే ఒక్క షరతు పెట్టినాడు. "వీడు వేషం వేయనీ, గమ్ము సీసా మాత్రం వీని చేతికియ్యాకండి."

సంబరంగా ఇంటికొచ్చి మా ఇంటామె రమీజాకు అంతా చెప్పినా. ఆమె పడీపడీ నవ్వుతాదనుకున్నా. బియ్యం ఏరతా ఏరతా తల కూడా ఎత్తకుండా అనింది:

"ఇంట్లో ఏ పని చెప్పినా అంటీ అంటనట్లుంటావు గదా సామీ, ఆ రాజు మీసానికి మాత్రం ఎట్ల అంటుకుంటివి?"