సీటు కింద చెయ్యి

చిన్న కార్లలో వెనక సీటు ఎందులో సుఖమని అడిగావు కదా నాన్నా, అది ముందు కూర్చున్న మనిషిని బట్టి ఉంటుంది. మంగళగిరి నుంచి విజయవాడకి షేర్ కారులో వస్తున్నప్పుడు నాకా సంగతి తెలిసింది.

నా పక్కన ఒకమ్మాయి, ఆమె ముందు సీట్లో ఆమె మొగుడు. కాళ్ళు బారజాపుకోవడానికి అతను సీటు పూర్తిగా వెనక్కి జరిపాడు. ఆ పిల్ల మోకాళ్ళు నలిగిపోతున్నాయి.

"బాబూ, సీటు కాస్త ముందుకి జరుపుకోండి. అమ్మాయికి కాళ్ళు పట్టట్లేదు" అన్నాను.

అతను నన్నేమీ అనలేదు. వెనక్కి తిరిగి ఆ పిల్ల చెంప ఫెడీమనిపించాడు. "ముసలామెతో చెప్పిస్తావే?" అంటూ మళ్ళీ కొట్టాడు. పెదవి చిట్లింది. నేను అడగబట్టే కదా ఇదంతా అనుకున్నాను.

ఆ పిల్ల ఏడవలేదు. వంగి, అతని సీటు కింద చెయ్యి పెట్టింది. సీటు జరిపే కమ్మీ ఉండేది అక్కడే. వారధి మీద డ్రైవరు సడన్ బ్రేక్ వేయగానే సీటు మనిషితో సహా ముందుకి దూసుకెళ్ళింది. బెల్టు లేని అతని మొహం డాష్‌బోర్డుకి కొట్టుకుని ముక్కు పగిలింది. చొక్కా అంతా నెత్తురు.

"సీటెలా కదిలిందిరా?" అని అతను డ్రైవరు కాలరు పట్టుకున్నాడు.

"లాకు బాగానే ఉందండీ!"

అతను నా వైపు తిరిగాడు. "నువ్వేమన్నా చూశావా?"

"కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంటున్నా బాబూ" అన్నాను.

ఆసుపత్రి దగ్గర వాళ్ళు దిగుతుంటే, ఆ పిల్ల మణికట్టు పట్టుకుని మెల్లగా అడిగాను.

"ఇంటికెళ్ళాక నిన్నేం చేస్తాడమ్మా?"

చెయ్యి విడిపించుకుని, వేళ్ళకంటిన గ్రీజు చున్నీకి తుడుచుకుంటూ అతని వెనకే వెళ్ళింది.