గిటార్‌కు తొడిగిన గని కర్ర

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్లంటే నాకు చిన్నప్పటి నుంచీ ఒళ్లు మంట. బొగ్గు గనుల కాలనీలో పుట్టి పెరిగిన దాన్ని. మా వీధిలో ఎవరు పోయినా, నెల తిరగకముందే ఆ మనిషి ఫలానా సందులో కనబడ్డాడని ఎవరో ఒకరు మొదలుపెట్టేవారు. నేను పనిగట్టుకుని ఆ సందులోకే వెళ్లి నిలబడేదాన్ని. నాకెప్పుడూ ఎవరూ కనబడలేదు. ఇది చదివి "ఈమె కూడా మారిపోయింది" అనుకుంటే అనుకోండి. నేను మారలేదు. జరిగింది జరిగినట్టు చెబుతున్నాను, అంతే.

మాది కొత్తగూడెం. పగలు ఒక ల్యాబులో రక్త పరీక్షలు చేస్తాను. పెళ్లిళ్ల సీజన్‌లో రాజేందర్ అన్న నడిపే ఆర్కెస్ట్రాలో ఎలక్ట్రిక్ గిటార్ వాయించేదాన్ని. ఆడపిల్ల స్టేజీ ఎక్కి గిటార్ వాయించడమేమిటని మూతి తిప్పుకున్న చుట్టాలు చాలామందే ఉన్నారు. మా బాపు ఏనాడూ ఆ మాట అనలేదు. మెచ్చుకోనూ లేదు. ఆయనకు వినబడదు.

బాపు బొగ్గు గనిలో పనిచేశాడు. డ్రిల్లింగ్ మిషన్ల మోతకు చెవులు కొద్దికొద్దిగా పోయి, రిటైరయ్యేసరికి పూర్తిగా పోయాయి. చెవి మిషన్ పెట్టిస్తే గుయ్యిమనే రొద తప్ప ఏమీ లేదని తీసి అల్మారాలో పడేశాడు. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదవులు చూసి అర్థం చేసుకుంటాడు. నేను గిటార్ కొన్నది ఆ తర్వాతే. నా వాయింపు ఆయన ఒక్కసారైనా వింటే బాగుండునని ఎంత తపించానో ఎవరికీ చెప్పలేదు. సిగ్గు విడిచి ఇక్కడ చెబుతున్నాను.

మా ఇంటి వెనక ఒక నల్లమద్ది మొద్దు ఉండేది. అది బాపు పనిచేసిన పాత గనిలోని గుంజ ముక్క. అప్పట్లో భూమి లోపల పైకప్పు కూలకుండా కర్ర గుంజలు నిలబెట్టేవారు. కప్పు కదిలితే ముందు కర్రే చెబుతుంది. మొదట చిటపటమంటుంది, తర్వాత కిర్రుమని మూలుగుతుంది. ఆ మూలుగు వినగానే చేతిలో ఏమున్నా వదిలేసి బయటికి పరుగెత్తాలి. కొత్తగా గని దిగినవాళ్లకు అందరికన్నా ముందు నేర్పేది అదే.

ఒకరోజు కర్ర అలా మూలిగింది. బాపు అరుస్తూ పరుగెత్తాడు. ఆయనతో పనిచేసే కొమురయ్య కాక చేతిలో మిషన్ నడుస్తోంది. ఆ మోతలో ఆయనకు అరుపు వినబడలేదు. ఆయన రాలేదు. రాళ్లు తొలగించాక విరిగిన గుంజలోంచి ఒక ముక్కను బాపు ఇంటికి తెచ్చుకున్నాడు. ఎందుకని అమ్మ అడిగితే, "గదే గద నన్ను బతికిచ్చింది" అన్నాడట.

నా గిటార్‌కు అన్నీ ప్లాస్టిక్ ముక్కలే ఉండేవి. చూస్తే బొమ్మల దుకాణంలో కొన్నట్టుండేది. వాటి బదులు కర్రవి చేసి పెట్టుకోవాలని నా కోరిక. నల్లమద్ది మొద్దు గుర్తొచ్చింది. దాన్ని కోస్తానంటే బాపు ఒప్పుకోలేదు.

"వద్దు బిడ్డా. అది పాటకు పనికొచ్చే కర్ర గాదు."

"పనికొస్తదో లేదో నేను జూస్త బాపూ" అన్నాను. వద్దంటే చేసి తీరడం నా పుట్టుక గుణం.

ఒక ముక్క కోయించుకొచ్చి అంతా నా చేతులతోనే చేశాను. సౌండు పెంచి తగ్గించే నాబ్‌లు, తీగలు బిగించే మరలకు పిడులు, తీగల మోతను పట్టే పికప్‌ల చుట్టూ చట్రాలు. తీగలు ఆనే బ్రిడ్జి మీదికి ఒక మూత చేసి దానిపై ఇప్పపూలు చెక్కాను. గరుకు కాగితంతో రుద్ది, అవిసె నూనె పట్టిస్తే నల్లటి చారలు తేలి కర్ర నిగనిగలాడింది. నా పనితనానికి నేనే మురిసిపోయాను. రాజేందర్ అన్న చూసి, "గిటారా చెల్లె, దేవుని పల్లకా?" అని ఆటపట్టించాడు. ఆ గిటార్‌తో ఎన్నో పెళ్లిళ్లలో వాయించాను. ఏ తేడా లేదు.

ములకలపల్లి దాటాక అడవి అంచున ఒక ఊళ్లో మా పెద్దమ్మ మనవరాలి ఓణీల ఫంక్షన్ జరిగింది. ఆర్కెస్ట్రా మాదే. ఇనుప పైపుల మీద రేకులు వేసిన పెద్ద హాలు. ఒక కొసన స్టేజీ, రెండో కొసన భోజనాల బల్లలు. బాపు మాకు వీపు పెట్టి కూర్చుని అన్నం తింటున్నాడు. మిట్టమధ్యాహ్నం.

ఒక పాట అయిపోయింది. తీగలు మోగకుండా అరచేత్తో అదిమి పట్టుకున్నాను. చిటపటమని చప్పుడొచ్చింది. కేబుల్ లూజైందనుకుని సౌండు పూర్తిగా తగ్గించాను. చప్పుడు ఆగలేదు. కేబుల్ పీకేశాను. అప్పుడు కిర్రుమని పెద్ద మూలుగు. స్పీకర్‌లోంచి కాదు, నా కడుపుకు ఆనుకుని ఉన్న గిటార్‌లోంచే. పక్కన డ్రమ్స్ వాయించే అతని వైపు చూశాను. అతను తాపీగా నీళ్లు తాగుతున్నాడు.

అవతలి కొసన బాపు ఎంగిలి చేత్తోనే లేచి నిలబడ్డాడు. తలెత్తి పైకప్పు చూశాడు. తర్వాత సాంబారు బకెట్లు తన్నుకుంటూ స్టేజీ మీదికి వచ్చి, నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కుపోయాడు. ఒక్క మాట లేదు. నన్ను ఎండలో నిలబెట్టి మళ్లీ లోపలికి ఉరికాడు. డ్రమ్స్ అతన్ని, ముసలమ్మలను, పిల్లలను, ఓణీ కట్టుకున్న పిల్లను, ఎవరు దొరికితే వాళ్లను చెయ్యి పట్టి తెచ్చాడు. నిప్పంటుకుందనుకుని మిగతావాళ్లు వాళ్లే పరుగెత్తుకొచ్చారు. హాలు ఖాళీ అయింది. అందరం కప్పు వైపు చూస్తూ నిలబడ్డాం.

ఇక్కడ కప్పు కూలిందని రాస్తే మీకు బాగుండేది. కూలలేదు. ఇప్పటికీ నిక్షేపంలా ఉంది.

పెద్దమ్మ అగ్గి మీద గుగ్గిలమైంది. "మీ బాపుకు మతి వోయిందే!" అని అందరి ముందూ అరిచింది. "మా బాపును ఒక్క మాటన్నా ఊకోను" అన్నాను. అన్నాక ఆయన ఎదురుగా నిలబడి, పెదవులు కనబడేలా అడిగాను.

"ఏమైంది బాపూ?"

"కర్ర మూలిగింది బిడ్డా. నీకు ఇనవడలేదా?"

"ఇనవడ్డది. మరి అరవలేదేంది నువ్వు?"

ఆయన గస పోసుకుంటూ అన్నాడు: "అప్పుడు అరిచిన. కొమురయ్యకు ఇనవడలే. గందుకే ఈసారి చేతులు వట్టుకొని తీస్కచ్చిన."

నాకు ఏడుపు ఆగలేదు.

ఆ రోజు వీడియో నా దగ్గరుంది. అందులో నేను కంగారుగా కేబుల్ పీకడం కనబడుతుంది. మూలుగు మాత్రం లేదు. స్టేజీ మీద మరెవరికీ వినబడలేదు. ఎండకు కర్ర ఆరిపోయి కిర్రుమంటుందని నాకూ తెలుసు. అలాగైతే పక్కనున్నవాళ్లు వినాలి కదా? నా భ్రమ అంటారా, నా మొహమైనా చూడకుండా ఆయనకెలా తెలిసింది? కర్ర ముక్కలన్నీ విప్పి చూశాను. ఎక్కడా చిన్న పగులైనా లేదు. మళ్లీ బిగించాను. బాపును దవాఖానాకు తీసుకెళ్లి చెవులు పరీక్ష చేయించాను. అణువంత మార్పు కూడా లేదన్నారు. డాక్టర్‌కు అసలు సంగతి చెబితే నవ్వి ఊరుకున్నాడు.

"ఆ కర్ర తీసెయ్ చెల్లె, లేకుంటే ఇగ రాకు" అన్నాడు రాజేందర్ అన్న. ఇంకెవరూ మమ్మల్ని పిలవరని ఆయన భయం. చుట్టాలైతే అది కొమురయ్య కాక ఆత్మేనని తేల్చేశారు. మద్ది కర్రను గోదావరిలో కలపమన్నారు, నిమ్మకాయలు తిప్పుతామన్నారు. మా గుమ్మం తొక్కొద్దని ముఖం మీదే చెప్పాను. ఆర్కెస్ట్రా వదిలేశాను. స్టేజీ లేకపోవడం బాధగానే ఉంది. ఆ బాధ నేను పడతాను.

ఆత్మ అన్నా ఒప్పుకోను, ఉత్త భ్రమ అన్నా ఒప్పుకోను. ఇన్నేళ్లలో నా గిటార్‌లోంచి మా బాపు చెవిన పడిన చప్పుడు అదొక్కటే. దాన్ని విప్పి ఏట్లో పారేయమంటే నా వల్ల కాదు.

మళ్లీ మూలిగితే ఎట్లానే అని అమ్మ భయపడుతుంది. మూలగనీ. బాపు వింటాడు.