వంక పెట్టని డబ్బా

మా నాన్న కిరాణా కొట్లో నేను మొదట నేర్చుకున్నది ఇది: సరుకు చూసి "బాగుంది" అన్నవాడు కొనడు. కందిపప్పు దోసిట్లోకి తీసుకుని, పుచ్చుందనీ రాళ్లున్నాయనీ సణిగేవాడు కనబడితేనే పొట్లానికి కాగితం చింపాలి. అమ్మ కూడా ఆ గల్లాపెట్టె పక్కనే, బేరానికీ బేరానికీ మధ్య క్రోషియా సూదితో లేసులు అల్లుతూ ఏళ్లకేళ్లు కూర్చుంది.

పోయినేడాది అమ్మకు పక్షవాతం వచ్చింది. తేలికపాటిదే అన్నారు. మాటా నడకా తిరిగొచ్చాయి గానీ కుడిచేతి వేళ్లు రాలేదు. కూర్మన్నపాలెంలో మా ఇంటికి తెచ్చుకున్నాక, ఫిజియోథెరపీ చేసే ఆవిడ నన్ను వరండాలోకి పిలిచి, ఈ రెండు మూడు నెలలే ముఖ్యమనీ, వాడకపోతే వేళ్లు అలాగే బిగుసుకుపోతాయనీ చెప్పింది. పిసకమని ఆవిడ ఇచ్చిన స్పాంజి బంతిని అమ్మ మంచం కిందకు దొర్లించేసింది. లేసు సూదులు తెచ్చి పక్కన పెడితే, కవరుతో సహా తలగడ కిందకు తోసేసింది. మంచినీళ్ల గ్లాసు కూడా ఎడంచేత్తోనే అందుకునేది.

ఊరికే ఇస్తే తీసుకునే మనిషి కాదు, అమ్మకు ఏదైనా అమ్మాలి అనుకున్నాను.

ఆవాలు పోసుకునే పాత పాలపొడి డబ్బా ఖాళీ చేసి, కడిగి ఎండబెట్టాను. దాని చుట్టూ అతికించడానికి చీర బోర్డరు కోసం బస్సెక్కి ద్వారకా నగర్ బట్టల కొట్లకు వెళ్లాను. మామిడిపిందెల బోర్డరు ఒకటి తెగ నచ్చింది. కాబట్టి రంగు వెలిసిందన్నాను, జరీ గుచ్చుకుంటోందన్నాను, రెండుసార్లు మెట్లు దిగి వెనక్కొచ్చాను. చివరికి డబ్బాకు ఒక్క చుట్టు వచ్చే కోత ముక్క కొట్టువాడు నేనన్న ధరకే ఇచ్చాడు. మరీ సులువుగా ఒప్పుకున్నాడే, ఇంకా తగ్గించి అడగాల్సిందని ఇంటిదాకా కుమిలిపోయాను. తల్లి చెయ్యి పడిపోయినా నా బుద్ధి ఇంకా కొట్లోనే కూర్చుని ఉంది.

ఆ సాయంత్రమే అతికించి, ఫ్యాక్టరీ నల్లదుమ్ము పడకుండా పేపరు కప్పి ఆరబెట్టాను. అడుగున పాత స్వెటరు ముక్క పరిచి సూదులూ, కత్తెరా, దారపు ఉండలూ సర్దాను. పొద్దున్నే అమ్మ ఒళ్లో పెట్టాను. ఎడంచేత్తో ఒకసారి నిమిరింది.

"బాగుందమ్మా," అని కిటికీ గట్టు మీద పెట్టేసింది.

ఆ మాటకు అర్థం మా ఇద్దరికీ తెలుసు. కొనని గిరాకీలా అమ్మ మర్యాదగా కొట్టు మెట్లు దిగి వెళ్లిపోయింది.

మూడు రోజులు డబ్బా అక్కడే ఉంది. మూత మీద ఒక దారప్పోగు వేసి, కదిలిందేమోనని పూటపూటా చూసేదాన్ని. కదల్లేదు. నెలలు లెక్కపెట్టుకుంటూ, చివరికి ఆ పోగును చూడ్డానికే భయపడ్డాను.

నాలుగో రోజు మధ్యాహ్నం అమ్మకు టీ ఇచ్చి, బియ్యం ఏరుకుంటున్నాను. డబ్బా ఎప్పుడు ఒళ్లోకి తీసుకుందో తెలీదు.

"ఏటే, పిందెలకి తొడిమ కిందకెట్టావు? సెట్టుకి ఇలాగే కాత్తాయేటి?"

చూస్తే నిజమే. బోర్డరు తలకిందులుగా అతికించాను. కావాలనే చేశానంటే నా తెలివికి బాగుండేది గానీ, ఆ కంగారులో చూసుకోలేదు. మార్చడానికి ఇంకో ముక్కా లేదు.

అమ్మ అక్కడితో ఆగలేదు. మూత బిగుసుకుపోతోందంది, జిగురు బయటికి కారిందంది, సూదులకు ఆవాల వాసన పట్టిందంది. నేను మనసులోనే పొట్లానికి కాగితం చింపాను.

లేచి వెళ్లి, బేరం తెగనప్పుడు నాన్న చేసినట్టే, వెనక్కి తీసుకోబోతున్నట్టు సరుకు మీద చెయ్యి వేశాను.

"నచ్చకపోతే ఇచ్చెయ్యమ్మా. ఆవాలే పోసుకుంటాను."

"నాను వద్దన్నానేటి?"

డబ్బా నా వైపు లాగాను. రాలేదు. అమ్మ ఎడంచేతిలో టీ గ్లాసుంది. డబ్బాను పట్టుకున్నది కుడిచెయ్యి. బొటనవేలూ చూపుడువేలూ మాత్రమే అంచును పట్టుకుని ఉన్నాయి. మిగతా మూడూ తోడు రాలేదు.

గట్టిగా లాగితే ఆ పట్టు ఊడిపోతుందేమో, వదిలేస్తే ఆ చెయ్యి మళ్లీ ఒళ్లో పడిపోతుందేమో. రెండూ చెయ్యలేక, జరీ గుచ్చుకుంటోంది కదమ్మా, నీకెందుకులే అని ఇంకాసేపు బేరమాడుతూ నిలబడ్డాను.