చెప్పులేసుకుంటే చాలు

మోకాలి కీలు మార్చి ఇంటికి పంపాక, నేను పట్టుకుని బాత్రూముకు తీసుకెళ్తే తప్ప మా ఆవిడ మంచం దిగలేదు. కూర్చున్నా కుడికాలు ముందుకు చాపే ఉంచేది. డాక్టరు గట్టిగానే చెప్పాడు: ఈ కొన్ని వారాల్లో వంచకపోతే ఇక వంగదు, కర్రలా బిగుసుకుపోతుందని. ఆమె మాత్రం పొద్దున అడిగితే సాయంత్రం అనేది, సాయంత్రం అడిగితే రేపు అనేది.

కసరత్తు చేయించడానికి వచ్చే అమ్మాయి "ఆంటీకి కొంచెం బద్ధకం సార్" అంది. నాకు ఒళ్లు మండింది. నేను లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసినన్నాళ్లూ తెల్లారకముందే లేచి టిఫిన్ డబ్బా కట్టిన మనిషికి బద్ధకమా? పని వాయిదా వేసిన ప్రతివాళ్లనూ ఆ ఒక్క మాటతో తేల్చేస్తారు. ఆమెది భయం. ఆస్పత్రిలో మొదటి అడుగుకే అరిచింది. ఆ నొప్పి మంచం కిందే కాచుకుని ఉందనుకుంటోంది.

ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి నేను. తర్వాత నేర్చుకున్నదంతా పాత పుస్తకాల్లోంచీ, ఇనుములోంచీ. తుప్పు పట్టిన నట్టుకు పానా పెట్టి ఒక్కసారే గుంజితే బోల్టు విరుగుతుంది. కిరోసిన్ పోసి, జెర కదిలించి, మళ్లీ వెనక్కి తిప్పి, వెళ్లి చాయ్ తాగి రావాలి. కదిలిందని చేతికి తెలిస్తే చాలు, ఆ పూటకు వదిలేయాలి.

మర్నాడు ఆమె చెప్పులు మంచం పక్కన పెట్టాను.

"నడవకు. చెప్పులేస్కో, చాలు."

"ఏస్కొని ఏం జెయ్యాలె?"

"ఏం జెయ్యకు. జెరసేపు కూసొని మళ్ల విడ్వు."

"ముసలోనికి మతి పోయింది," అని గోడకు చెప్పింది. కానీ వేసుకుంది.

కొన్నాళ్లకు ఆ చెప్పులతో లేచి నిలబడింది. ఆపైన కిటికీ చువ్వ దాకా. ఇంకో అడుగు వేయగలనని ఆమెకు అనిపించినప్పుడే నేను "ఇయ్యాల్టికి బంద్" అనేవాణ్ణి.

"డాక్టరేమో నడువుమంటడు, నువ్వేమో కూసోమంటవు. నేనెవరి మాట వినాలె?"

"జిందగీ అంత నట్లు విప్పినోణ్ణి. నా మాట విను."

"నేనేమన్న నట్టునా అయ్యా?"

"నట్టయితే ఇన్ని మాటలనకపోతుంటివి."

నవ్వింది. ఆపరేషన్ తర్వాత ఆమె నవ్వు వినడం అదే మొదలు.

మధ్యలో ఒకరోజు చెప్పులు కూడా వద్దంది. సరేనని వాటికంటిన దుమ్ము తుడిచి అక్కడే పెట్టాను. ఆ రోజు అంతే పని.

మొన్న వంటింట్లో ఉల్లిగడ్డ కోస్తుంటే వెనక గోడ మీద చెయ్యి రాసుకుంటున్న చప్పుడు. తిరగలేదు. చూస్తే ఆగిపోతుందేమో.

"గంత లావు కోస్తరా ఎవరన్న? జరుగు."

స్టూలు ఆమె వైపు జరిపాను. కూర్చుని నా చేతిలోని కత్తి లాక్కుంది. నన్ను తిడుతూ, ముక్కల మీద ధ్యాసలో పడి, కుడి పాదాన్ని స్టూలు కిందికి లాక్కుంది. మోకాలు వంగింది. ఆమె గమనించలేదు.

"జీలకర్ర ఏడ వెట్టినవ్?"

డబ్బా నా ఎదురుగానే ఉంది. కింది అరలో వెతుకుతున్నట్టు కాసేపు ఆ వంగిన మోకాలి పక్కనే నేల మీద కూర్చున్నాను.