ఆకు మీద నిలిచిన యంత్రం

డెబ్బయ్యవ దశకం చివర ఎమ్మిగనూరులో ఒక నూలు మిల్లు కడుతున్నప్పుడు, యంత్రాల బిగింపు చూసుకోవడానికి నన్ను వేశారు. నాది కాకినాడ వైపు. యంత్రాలతోపాటు చెకొస్లొవేకియా నుంచి ఒక నిపుణుడు వచ్చాడు. యాభై దాటిన మనిషి, భార్య లేదు. అతిథిగృహంలో మేమిద్దరమే ఉండేవాళ్లం. ఆయన ఇంగ్లిషూ నా ఇంగ్లిషూ తడబడేవే. నా తెలుగుకైనా అక్కడ పెద్ద చెలామణి లేదు. నందవరం నుంచి వచ్చే పెద్ద ఫిట్టరు ఒకసారి తేల్చేశాడు: "మీ తెలుగు, ఆ దొర ఇంగిలీసు, రెండూ మాకు ఒగటే సార్. సేత్తో సూపించండి, అర్థమైతాది."

సాయంత్రం ఆరింటికి ఇద్దరం బస్టాండు దగ్గరి హోటలుకు నడిచి, అక్కడి బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తినేవాళ్లం. బజ్జీలోని మిరపకాయను ఆయన తీసి నా పళ్లెంలో వేసేవాడు. నాలుగు నెలల్లో మాట్లాడుకున్నది తక్కువ. అయినా ఆయన ఊళ్లో లేని ఒక ఆదివారం నేను హోటలు దాకా వెళ్లి, తినకుండా తిరిగివచ్చాను.

చివరి యంత్రానికి మట్టం కుదిరితే ఆయన వెళ్లిపోవచ్చు. కూతురి పెళ్లి ఉంది. శుక్రవారం ఆదోనిలో బొంబాయి రైలు ఎక్కితేనే అందుతుంది. సోమవారం ఉదయం చూస్తే రసమట్టంలో బుడగ ఒక గీత జరిగి ఉంది. సరిచేశాడు. మంగళవారం మళ్లీ జరిగింది. పునాది కుంగుతోందేమోనన్నాడు. అదే నిజమైతే కాంక్రీటు పగలగొట్టి మళ్లీ పోయాలి, రెండు వారాలు.

ఆ మధ్యాహ్నం ఆయన భోజనానికి వెళ్లినప్పుడు, సందుల్లో దూర్చి కొలిచే ఆయన ఫీలర్ గేజి తీసి, దాని ఉక్కు రేకును యంత్రం మూలకాలి కింద దూర్చాను. రేకు అంచుకు పసుపు అంటుకుని వచ్చింది. ఫిట్టరును అడిగాను.

"తమలపాకు సార్. పసుపు, నాలుగు అచ్చింతలు. ఆఖరి మిషన్‌ను భూమ్మీద కూసోబెట్టేటప్పుడు పెట్టకుంటే ఎట్ల? దొర సూస్తే వద్దంటాడని, ఆయప్ప నీళ్లు తాగేకి పోయినప్పుడు పెట్టినాము."

ఆకు ఎండి, గింజలు నలిగేకొద్దీ కాలు దిగుతోంది. పునాదికి ఏమీ కాలేదు. కాలు ఎత్తి, తుడిచి, దించడం ఒక పూట పని.

ఆ మాట వెంటనే చెప్పవలసింది. చెబితే ఆయన శుక్రవారం వెళ్తాడు. చెప్పకపోతే రెండు వారాలు ఉంటాడు. గేజిని ఆయన పెట్టెలో పెట్టేసి ఊరుకున్నాను. ఆ సాయంత్రం ఆయన బజ్జీ ముట్టలేదు. జేబులోంచి కూతురి ఫొటో తీసి, కాసేపు చూసి, మళ్లీ లోపల పెట్టుకున్నాడు.

బుధవారం ఉదయం, పగలగొట్టవలసిన మేరకు కాంక్రీటు మీద ఆయన సుద్దతో గీత గీస్తున్నాడు. అప్పుడు చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు. కాలు ఎత్తించాడు. ఫిట్టరు ముఖం చిన్నబోవడం చూసి, ఆకును పారేయకుండా పక్క గూట్లో పెట్టించాడు. గురువారం బుడగ కదలలేదు.

శుక్రవారం ఆదోని స్టేషనులో, రైలు వచ్చాక, ఆయన అన్నాడు: "గేజి మీద పసుపు మంగళవారమే చూశాను. నేను కాక దాన్ని ముట్టేది నువ్వొక్కడివే. మిల్లులో ప్రతి గడపకూ అదే రంగు."

ఎందుకు అడగలేదన్నాను.

"నువ్వు చెబుతావని ఒక్క రాత్రి ఆగాను. సుద్దగీత నీకోసం గీసిందే. అప్పటికీ చెప్పకపోతే నేనే కాలు ఎత్తించేవాణ్ని."

చేయి కలిపి రైలెక్కాడు.

నేను మిల్లుకు తిరిగివచ్చేసరికి ఫిట్టరు గేటు దగ్గర ఉన్నాడు.

"పోయినాడా సార్ దొర?"

పోయాడన్నాను.

"ఉగ్గానికి నేనొస్తాలెండి. మిరపకాయ మాత్రం మీకియ్యను."