బ్రేకు తొక్కితే ఆరిన సిగ్నలు

నిదానం మేస్త్రి గురించి చెప్పుకునే మాటల్లో నిజం పాలు తక్కువ. టీచరమ్మ పాత కారుకు వైర్లన్నీ కొత్తవి వేశాడని కొందరంటారు; ఒక్క వైరూ మార్చలేదు. ఆవిడ మీద జాలిపడి తప్పును కారు మీదికి నెట్టాడని ఇంకొందరంటారు; ఆ పనిలో జాలికి చోటే లేదు. చేయి తిరగక ఆలస్యం చేస్తాడనడం మరీ అన్యాయం. ఎదుటి మనిషి మాట పూర్తిగా వినందే అతను పనిముట్టు పట్టడు. ఆ పేరు రావడానికి కారణం అదే.

టీచరమ్మకు మోకాళ్లు సహకరించవు. ఉద్యోగంలో ఉండగా కొనుక్కున్న ఆ కారే ఆవిడకు కాళ్లు. ఒకనాడు కుడివైపు మళ్లుతుంటే, వెనక వస్తున్న స్కూటరు బంపరుకు తగిలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు గాని, సిగ్నలు వేయలేదని స్కూటరతను, వేశానని ఆవిడ పట్టుబట్టారు. ఆవిడ తమ్ముడు వచ్చి, ఆగి ఉన్న కారులో సిగ్నలు వేసి చూశాడు. వెనక దీపం చక్కగా వెలిగి ఆరుతోంది.

"కారు గుండ్రాయిలా ఉందక్కా. మరుపు నీదే. తాళాలు ఇలా ఇచ్చెయ్."

"నిన్న కళ్లజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికింది ఎవర్రా? నీ బండి తాళాలు ఎవరికిచ్చావు?"

మాటకు మాట అప్పగించిందే గాని, తర్వాత ఆవిడకు తన మీద తనకే అనుమానం పట్టుకుంది. నిజంగా వేశానా? వేశాననుకున్నానా?

చివరికి తాళాలు తమ్ముడికిచ్చింది. ఇద్దరూ కారును మేస్త్రి షెడ్డుకు తీసుకెళ్లారు. అక్కడా సిగ్నలు బుద్ధిగా వెలిగింది.

"నేను చెప్పలా?" అన్నాడు తమ్ముడు.

మేస్త్రి ఆవిడ వైపు తిరిగాడు. "అమ్మా, ఆ మలుపులో ఏం చేశారో మొదట్నుంచీ చెప్పండి."

"సిగ్నలు వేశాను. టిక్కుటిక్కుమనడం విన్నాను. బ్రేకు తొక్కాను. తిప్పాను."

"కూర్చుని అదే చేయండి. సారూ, మీరు వెనక నిలబడండి."

ఆవిడ సిగ్నలు వేసింది. బ్రేకు తొక్కింది.

"ఆరిపోయిందే!" తమ్ముడు కేక పెట్టాడు. కారు లోపల మాత్రం టిక్కుటిక్కు వినిపిస్తూనే ఉంది.

మేస్త్రి వెనక దీపం విప్పాడు. ఎర్తు కోసం అది కారు ఒంటి రేకును తాకాల్సిన చోట నీలం రంగు దళసరిగా పరుచుకుంది. కరెంటు తిరిగి రావడానికి దారి ఇరుకైంది. సిగ్నలు దీపం ఒక్కదానికైతే ఎలాగో సరిపోయేది. బ్రేకు దీపం తోడయ్యేసరికి రెండూ డీలా పడ్డాయి.

"రంగు ఎవరు వేశారు?"

తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. అక్కను మురిపిద్దామని సొంత చేతులతో పూతమీద పూత వేసింది అతనే.

"బాగా వేశారు సార్. వేయకూడని చోట ఇంకా బాగా వేశారు."

"నా ప్రేమే నీ కొంప ముంచిందక్కా."

"ముంచావులే. అయినా ఆ రంగు నాకిష్టంరా."

మేస్త్రి రేకు మెరిసేదాకా గీకి, దీపం బిగించి, ఆవిడ చేత మళ్లీ బ్రేకు తొక్కించాడు. సిగ్నలు ఆరలేదు. తమ్ముడు తాళాలు అక్క చేతిలో పెట్టాడు.

"అందరూ కారును చూశారు మేస్త్రీ. నువ్వు నన్నడిగావు. నీ మేలు మరిచిపోను."

"ఆ మలుపులో కారు నడిపింది మీరే కదమ్మా. ఇంకెవర్ని అడుగుతాను?"

నిదానం మేస్త్రి చేసింది ఇంతే: ఆవిడ చెప్పిన మాటను, చెప్పిన వరుసలోనే పరీక్షించాడు, అడ్డొచ్చిన రంగు గీకి, దీపం బిగించాడు.