వెనక చక్రం కుడికి లాగిన రోజులు

నాకు ఒకచోట కూర్చోవడం ఎప్పుడూ చేతకాలేదు. ఇరవై మూడేళ్ల వయసులో నరసరావుపేటలో ఉద్యోగం దొరికినప్పుడు నన్ను ఎక్కువ బాధపెట్టింది నా కుర్చీయే. పల్లెల్లో ఆడవాళ్లకు చదువు చెప్పించే చిన్న సంస్థ మాది. రోజంతా రిజిస్టర్లు రాసి, సాయంత్రానికి కాళ్లు పీకుతుంటే ఊరంతా తిరిగి వచ్చేదాన్ని.

ఎనభైల మధ్యలో మా సంస్థ కొత్తగా వచ్చిన నూరు సీసీ బళ్లు రెండు కొంది. ఐదుగురికి పది రోజుల్లో నడపడం నేర్పిస్తారు. బండి నడపడం వచ్చినవాళ్లకు తిరగడానికి ఊళ్లు అప్పగిస్తారు, రానివాళ్లు ఆఫీసులోనే ఉండాలి. ఐదుగురిలో ఆడదాన్ని నేనొక్కదాన్నే. ఆ రాత్రే అక్క పంజాబీ డ్రెస్సు నా కొలతకు కుట్టుకున్నాను.

నేర్పడానికి వచ్చిన పెద్దాయన మిలిటరీలో మోటారు సైకిల్ మీద ఉత్తరాలు చేరవేసి రిటైరైన మనిషి. మాస్టారూ అనేవాళ్లం. ఊరి బయట బీడులో సున్నంతో గుండ్రంగా బాట గీశారు. దానికి అడ్డంగా ఒకచోట పాత గట్టు ఉండేది. అది దాటితేనే బండి వచ్చినట్టు.

నేను దాటలేకపోయాను. గట్టెక్కగానే వెనక చక్రం ఎగిరి కుడికి లాగేది. మూడు రోజుల్లో నాలుగుసార్లు పడ్డాను. మోచేయి చీరుకుపోయింది.

"భయమంతా చేతుల్లో పెట్టుకుని నడుపుతున్నావమ్మాయ్. అదే బండి మీద ఆయన బాగానే పోతున్నాడుగా" అన్నారు మాస్టారు.

ఆయనంటే రెండు బళ్లలో నాకిచ్చిన దాని మీదే నేర్చుకుంటున్న సహోద్యోగి. భారీ మనిషి. గట్టు మీద కూడా పడవలో కూర్చున్నట్టు పోయేవాడు. నేను పడినప్పుడు నవ్వలేదు గానీ, చూపు పక్కకు తిప్పుకునేవాడు. అదే నాకు ఎక్కువ మండేది.

నాలుగో రోజు మధ్యాహ్నం అందరూ అన్నాలు తిని తుమ్మచెట్ల నీడన నడుం వాల్చారు. నేను అన్నం సగంలో వదిలేశాను. లేచి ఆ బండి చుట్టూ తిరిగాను. కూర్చున్నాను, మళ్లీ లేచాను. చివరికి ఎవరికీ చెప్పకుండా దాన్ని నెట్టుకుంటూ బయలుదేరాను. ఎండకు హ్యాండిల్ కాలుతోంది. రోడ్డు పక్కనే షెడ్డు వేసుకుని బళ్లు బాగుచేసే సాయిబుగారి దగ్గరికి చేరేసరికి డ్రెస్సు ఒంటికి అతుక్కుపోయింది.

"ఏందమ్మా, పెట్రోలైపోయిందా?" అన్నాడాయన.

"లేదు భాయ్. ఎత్తులో కుడికి లాగుతోంది. తప్పు నాదంటున్నారు. నాదో కాదో చూడండి."

ఆయన వెనక షాకబ్జర్ల దగ్గర గొంతుక్కూర్చున్నాడు. స్ప్రింగుల కింద బిగువు మార్చే మెట్లుంటాయని, ఆ రోజే నాకు తెలిసింది. ఎడమది ఐదో మెట్టు మీద ఉంది. కుడిది రెండో మెట్టు మీద.

"దీన్ని ఎవరు తిప్పారు? ఒక కాలికే చెప్పు తొడుక్కుని ఉరికినట్టుందే. బరువైన మనిషి ఎక్కితే ఎట్టనో అణిగి పోతది. నువ్వు చానా తేలిక. నువ్వెక్కితే ఎడమది అసలు దిగదు."

కుడిది సున్నం దుమ్ముకు పట్టేసి ఉంది. కిరసనాయిలు పోసి వదులు చేసి, నన్ను బండి మీద కూర్చోబెట్టి, వెనక భాగం ఎంత దిగుతోందో వేళ్లతో కొలిచి, రెండింటినీ ఒకే మెట్టుకు తెచ్చాడు.

నేను తిరిగొచ్చేసరికి మాస్టారు నిలబడి ఉన్నారు. "ఎవర్నడిగి తీసుకుపోయావు?"

జరిగింది చెప్పాను. సహోద్యోగి తల దించుకున్నాడు. "నడుం నొప్పెడతంటే బిగించానమ్మా. రెండోది కదల్లేదు. చెప్పడం మర్చిపోయా" అన్నాడు. రెండు రోజులు అతనితో మాట్లాడలేదు.

మాస్టారు బండెక్కి ఒక చుట్టు తిరిగొచ్చి నా చేతికిచ్చారు. గట్టు వచ్చింది. చక్రం ఎగిరింది, తిన్నగా దిగింది. ఆ సంతోషంలో తర్వాతి మలుపులో ముందు బ్రేకు గట్టిగా పట్టేసి బోర్లా పడ్డాను.

"ఇది నాదే మాస్టారూ" అన్నాను దుమ్ము దులుపుకుంటూ.

"అవును. ముందువి మాత్రం నావి. ఎక్కించే ముందు బండి చూడాల్సింది నేను" అన్నారాయన.

మర్నాటి నుంచి పాఠం మారింది. పొద్దున్నే ఒక్కొక్కరినీ బండి మీద కూర్చోబెట్టి, బరువు చూసి, స్ప్రింగులు సరిచేశాకే వదిలేవారు. మనిషి మారినప్పుడల్లా మళ్లీ తిప్పించేవారు. విసుక్కున్నవాళ్లూ ఉన్నారు. నేను మాత్రం ఆ పని నేర్చేసుకుని అందరికీ నేనే చేసేదాన్ని, నా వంతు వచ్చేదాకా ఊరికే ఉండలేక.

పదో రోజున పాసయ్యాను. నాకు రెంటచింతల వైపు ఊళ్లు ఇచ్చారు. మొదటి రోజు మూడింటికి రమ్మంటే రెండింటికే చేరుకున్నాను. ఆడవాళ్లింకా మిరప చేలల్లోంచి రాలేదు. ఓ అవ్వ అరుగు చూపించి "కూసో తల్లీ" అంది. కాసేపు కూర్చున్నాను. తర్వాత లేచి, వాళ్లున్న చేను ఏ దారినో అడిగి, బండి స్టార్ట్ చేశాను.